సామాను కాచినవారి భాగము

యుద్ధకాలమున దేహదార్ఢ్యము గల యువకుడు సైన్యమున జేరక యింటనుండుట చూచి లోకులు వానిని పిరికివాడని నిందింతురు. ఈ నింద న్యాయమైనదేనా? తుపాకి పట్టినవాడొక్కడే దేశమునకై పాటుపడుచున్నాడా?

ఈ ప్రశ్నకు జవాబును ఇంగ్లండు దేశము మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొనెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనపుడు గనిపనివారును యంత్రపు పనివారును గుంపులుగా సైన్యమున జేరిరి. చేరనివారికి కొందఱు స్త్రీలు వీధులలో తెల్లని యీకలనిచ్చి అవమానపఱచిరి. 1915లో ఫిరంగిగుండ్లు చాలక సైన్యము చిక్కుపడెను. నేర్పరులైన పనివారు తఱిగిపోవుట దానికొక కారణము. ఆ పాఠమును మఱువక ప్రభుత్వమువారు 1938లోనే ఆవశ్యక వృత్తుల పట్టికను సిద్ధపఱచిరి. బొగ్గుగనులు, ఓడల నిర్మాణము, రైళ్లు, సేద్యము మొదలగు పనులలోనుండి, ఆయా వృత్తికి నిర్ణయించిన వయస్సు వచ్చినవారిని సైన్యమునకు పిలువరాదని యేర్పాటు. సుమారు 50 లక్షల మంది ఆ పట్టికలోనికి వచ్చిరి. ఉపాధ్యాయులకును అందు చోటుండెను.

అయినను 1943 నాటికి గనులలో మనుష్యులు చాలరైరి. అప్పుడు కార్మికమంత్రి ఎర్నెస్టు బెవిన్ గారు చీట్లు వేయించిరి. సైన్యమునకు పిలువబడిన యువకులలో ఎవని నమోదు సంఖ్య చివరి యంకె చీటిలో వచ్చునో వాడు గనికి పోవలెను. ఇట్లు పోయినవారును, తామై కోరి పోయినవారును కలిసి సుమారు 48,000 మంది. వారికి బెవిన్ బాలురని పేరు వచ్చెను. వారికి సైనికవేషము లేదు. యుద్ధానంతరమున పతకములు లేవు. పాఱిపోయిన సైనికులని పోలీసులు వారిని అనుమానించి వీధిలో నిలుపుటయు కలదు. ప్రభుత్వమువారు వారికి గౌరవచిహ్నము నిచ్చునప్పటికి 2008వ సంవత్సరము వచ్చెను. అప్పటికి అనేకులు లోకమునే విడిచిరి.

ఒక తల్లి కుమారుడు రణమున ప్రాణమిడుచుండగా వేఱొక తల్లి కుమారుడు ఇంట భుజించుట న్యాయమా యని కొందఱడుగవచ్చును. ఈ మాట త్రోసివేయదగినది కాదు. కావుననే మినహాయింపు మనుష్యునికి గాక పనికి చెందవలెనని మా యభిప్రాయము. ధనమును పలుకుబడిని చూచి యిచ్చిన మినహాయింపు అన్యాయము. పని విడిచినవాడు దానిని గోల్పోవలెను. కాని నిజముగా పాటుపడువానికి నింద తగదు. గని కప్పు కూలి చనిపోయినవాని తల్లి కన్నీరు తక్కువదా?

దావీదు అమాలేకీయులను తఱిమినపుడు అలసిన 200 మంది బెసోరు వాగునొద్ద సామాను కాచుచు నిలిచిపోయిరి. గెలిచి వచ్చినవారిలో కొందఱు వారికి కొల్లసొమ్ములో భాగమియ్యరాదనిరి. దావీదు ఒప్పుకొనక ఇరుతెగలకును సమభాగమని కట్టడ చేసెను. 2020లో మహమ్మారి కాలమున మనమందఱము తలుపులు మూసికొని కూర్చుండగా వీధులూడ్చినవారిని, రోగులకు పరిచర్య చేసినవారిని తలచుకొనినచో ఆ కట్టడ యెంత న్యాయమైనదో తెలియును.

బాలబాలికలారా, మీలో కొందఱు సేనలో జేరుదురు. అనేకులు పొలమునందో, కార్ఖానాలోనో, ఆసుపత్రిలోనో నిలుతురు. మీకు దొరికిన కావలిని విడువక కాచుడి. తలిదండ్రులారా, సామాను కాచువానిని చూచి నవ్వుట మీ పిల్లలకు నేర్పకుడి.