అడగకుంటనే ఒప్పుకున్నట్టా?

ఫోన్ల పత్తి ఇత్తనాల రేటు ఒక్కపారి ఎతుకుతం. ఇగ రెండు దినాలు పాటల యాప్‌ల గదే యాడ్, ఆటల యాప్‌ల గదే యాడ్. "ఫోన్ మన మాటలు ఇంటున్నదే" అంటరు ఊర్ల. నన్నడిగితే గంత కష్టం దానికెందుకు? ఆండ్రాయిడ్ ఫోన్ల యాడ్స్ కోసమే ఒక నంబర్ ఉంటది, అడ్వర్టైజింగ్ ఐడీ అంటరు. మనం ఏం జూసినమో, ఏం కొన్నమో యాప్‌లు గా నంబర్ మీద రాసుకోవచ్చు. గవన్ని ఒక్కకాడ కలిపితే పేరు తెల్వకున్నా మన సంగతంత తెలుస్తది.

యాడే గదా, ఏంబోయింది అనేటోళ్లున్నరు. పైసలకు తిప్పలైనోడు అప్పు కోసం ఎతికితే లోన్ యాప్ వాన్ని ఎతుక్కుంట వస్తది. గక్కడుంది అసలు కత.

మరి మనల్ని అడిగిన్రా? కొత్త ఫోన్ తెరవంగనే ఇంగ్లీషుల చాంతాడంత రాత వచ్చింది, కింద 'అగ్రీ' ఒత్తినం. దాన్నే ఒప్పుకునుడు అంటున్నరు.

నిజంగ అడిగితే ఏమైతదో 2021 ఏప్రిల్ల ఐఫోన్లల్ల కనవడ్డది. వేరే యాప్‌లల్ల, వెబ్‌సైట్లల్ల మనిషి ఎంబడి పడాలంటే ముందుగాల వాన్నే అడగాలె అని ఆపిల్ రూల్ పెట్టింది. మస్తుమంది వద్దన్నరు. దాంతోని 2022ల ఆమ్దానీ సుమారు 1000 కోట్ల డాలర్లు తగ్గుతదని ఫేస్‌బుక్ నడిపే మెటానే చెప్పింది. గన్ని పైసలు అడగకపోవుట్లనే ఉన్నయన్నట్టు! ఆపిలేమన్న ధర్మాత్మురాలా అంటే కాదు. గా రూల్ నడిపిన తీరుకే ఫ్రాన్స్‌ల 2025ల 15 కోట్ల యూరోల జుర్మానా పడ్డది.

మన దేశంల 2023లనే డేటా రక్షణ చట్టం చేసిన్రు. సమ్మతి మనంతట మనం, తెలిసి ఇయ్యాలె. నోటీసు తెలుగుల సుత చదువుకునే ఈలుండాలె. కొన్ని మినహాయింపులు పోను, 18 ఏండ్లు నిండనోళ్ల ఎంబడి పడుడు, గురివెట్టి యాడ్స్ ఏసుడు నడవది. ఇంటర్ పోరగాళ్లు శానామంది గిండ్లకే వస్తరు. గని నిబంధనలు వచ్చింది 2025 నవంబర్ల, అసల్ షరతులకు మల్ల 18 నెల్ల గడువు. కంపెనీలకు గింత ఓపిక చూపెట్టుడు నాకైతే నచ్చలే.

గప్పటిదాక మన చేతులున్నది ఒక్కటే. సెట్టింగ్స్‌ల గూగుల్, దాంట్ల యాడ్స్, గక్కడ 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ'. ఆండ్రాయిడ్ 12, ఆ పైన ఫోన్లల్ల ఉంటది. యాడ్స్ ఆగయి గని ఎంబడి పడుడు తగ్గుతది. రెండు నిమిషాల పని. ఇంట్ల అమ్మ ఫోన్ల సుత జేయిన్రి.