కనిపించని రక్తస్రావ మూలం: మలి పరీక్షే రక్ష

రక్తపు వాంతులతో, తారులా నల్లని విరేచనాలతో ఆసుపత్రికి చేరే రోగుల్లో అధిక శాతం మందికి కారణం జీర్ణాశయం లేదా చిన్నపేగు తొలిభాగంలోని పుండు. లేదా కాలేయ వ్యాధి వల్ల అన్నవాహికలో ఉబ్బిన సిరలు. వీటికి చికిత్సా విధానం స్థిరపడింది. ఎండోస్కోపీ చేసినా మూలం దొరకని కొద్దిమంది విషయంలోనే వైద్య వ్యవస్థకు అసలు పరీక్ష ఎదురవుతోంది.

ఈ అరుదైన కారణాల్లో ముఖ్యమైనది డ్యూలాఫోయ్ లీజన్. ఫ్రెంచి వైద్యుడు జార్జ్ డ్యూలాఫోయ్ 1898లో దీనిని వివరించారు. జీర్ణాశయపు లోపలి పొర కింద సన్నబడవలసిన ధమని లావుగానే ఉండిపోయి, అతి చిన్న రంధ్రం గుండా రక్తాన్ని చిమ్ముతుంది. చుట్టూ పుండు ఉండదు. స్రావం ఆగితే కెమెరాకు చిక్కదు. కనుక తొలి పరీక్షలో ఏమీ కనిపించనంత మాత్రాన ముప్పు తొలగినట్లు కాదు. గుర్తించగలిగితే మాత్రం ఎండోస్కోపీతోనే క్లిప్పు లేదా రబ్బరు బ్యాండు వేసి సాధారణంగా రక్తాన్ని ఆపవచ్చు.

మరికొన్ని కారణాలను రోగి పూర్వ చరిత్రే పట్టిస్తుంది. కాలేయానికి గాయమైన తరువాత కడుపునొప్పి, కామెర్లు, రక్తస్రావం కలిసి వస్తే పిత్తనాళాన్ని అనుమానించాలి. సీటీ యాంజియోగ్రఫీతో మూలాన్ని గుర్తించి, రక్తనాళం లోపలి నుంచే దానిని మూసివేయవచ్చు. బృహద్ధమనికి కృత్రిమ నాళం అమర్చినవారిలో స్వల్ప రక్తస్రావమైనా పెను ప్రమాదానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు.

మూలాన్ని వెతకకుండా మందులపైనే ఆధారపడటం ఫలించదు. పాకిస్తాన్ సహా 15 దేశాల్లో 12,009 మంది రోగులపై జరిగి, 2020లో వెలువడిన అధ్యయనం, రక్తం గడ్డకట్టిన స్థితిని నిలిపేందుకు ఇచ్చే ట్రానెక్సామిక్ ఆమ్లం ఈ మరణాలను తగ్గించలేదని తేల్చింది.

రోగి పరిస్థితిని కుదుటపరచి 24 గంటల్లోగా ఎండోస్కోపీ చేయాలన్నది అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాల సూచన. దక్షిణాసియాలో ఈ సదుపాయం, అంతకు మించి యాంజియోగ్రఫీ నిపుణుల సేవలు ఎక్కువగా పెద్ద నగరాలకే పరిమితం. ప్రతి జిల్లాలో నిపుణులను నియమించడానికి సమయం పట్టవచ్చు. అయితే స్రావం తాత్కాలికంగా ఆగిన రోగిని కారణం తెలియకుండానే ఇంటికి పంపకుండా, పూర్తి వివరాలతో పై ఆసుపత్రికి తరలించే ఏర్పాటుకు అంత వ్యవధి అవసరం లేదు. అరుదైన వ్యాధి ప్రాణాంతకం కాకుండా చూడటంలో తొలి అడుగు అదే.