పదకొండు క్వింటాళ్ల చరవాణి



పద్యాలూ సమాసాలూ తప్ప వేరొకటి వ్రాయని ఈ పంతులు చరవాణిని సమీక్షించడమేమిటని మీకు సందేహం కలుగవచ్చు. నాకూ కలిగింది. అయితే అయిదు నెలలుగా ఆ వస్తువు నా చేతిలో ఉన్నది. ఇటువంటి ఫోనులను గురించి అంతర్జాలంలో వెలువడిన సమీక్షలు పాతిక వరకు చదివాను. నాకు కావలసిన ప్రశ్న వాటిలో ఒక్కటీ కనబడలేదు. అందుచేత ఆ ప్రశ్నలను నేనే వేసుకొని, నాకు తోచిన సమాధానాలు వ్రాయడానికి పూనుకొన్నాను.

సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి దీనిని తెచ్చి ఇచ్చాడు. "నాన్నా, కంటి ఆపరేషనైన దగ్గరనుంచి చదవటానికి ఇబ్బంది పడుతున్నావుగా. దీంట్లో అక్షరం హాయిగా కనిపిస్తుంది" అన్నాడు. ఖరీదు ఎంతని అడిగితే మాట దాటవేశాడు. వాడు నిద్రపోయిన తరువాత నేనే వెదికి చూసుకొన్నాను. లక్షా ముప్పై వేల రూపాయలు! తయారుచేసిన సంస్థ పేరు ఇక్కడ చెప్పను. ఒకరికి ప్రచారం చేయడం గాని, ఒకరిని నిందించడం గాని నా ఉద్దేశం కాదు. పైగా నేను చెప్పబోయేది ఈ తరగతి ఫోనులన్నిటికీ ఇంచుమించుగా వర్తిస్తుంది.

మాది నల్లరేగడి నేల. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ తరువాత ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉన్నది. ఇక్కడ ఏ ధరనైనా మేము పంటలోకి మార్చి చూసుకొంటాము. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది. ఆ లెక్కన ఈ చరవాణి పదకొండు క్వింటాళ్ల ఎండుమిర్చి. గుంటూరు యార్డు భాషలో చెప్పాలంటే పాతిక టిక్కీల పైమాటే. పత్తిలో చూడదలిస్తే, 2025-26 సంవత్సరానికి పొడుగుపింజ రకానికి మద్దతు ధర 8,110 రూపాయలు గనుక, పదహారు క్వింటాళ్లు. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు పండినా రెండెకరాల పంట నా జేబులో ఉన్నదన్నమాట. ఇంత పంట తిన్న వస్తువు ఏమి పని చేస్తుందో అడిగి తీరవలసిందే కదా!

మొదట రూపం. చుట్టూ టైటానియం చట్రం, ముందూ వెనుకా గాజు. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే ఇల్మెనైటు ఈ లోహానికి మూలఖనిజం. ఇనుముకన్న తేలిక, తుప్పు పట్టదు. చేతిలోకి తీసుకొంటే నున్నగా, చల్లగా, మంచి పనితనం గల వస్తువుగా తోచింది. కాని ఆ నునుపే దాని దోషం. ఖద్దరు చొక్కా పైజేబులో పెట్టుకొని పంపు దగ్గర వంగితే జారిపడబోయింది. మరునాడే బజారుకు వెళ్లి నూటయాభై రూపాయల రబ్బరు తొడుగు వేయించాను. అప్పటినుంచి ఆ టైటానియాన్ని నేను గాని, మరెవ్వరు గాని చూసిన పాపాన పోలేదు. వెనుకవైపు కెమెరా కటకాలు గుబ్బలవలె పొడుచుకొని ఉండడంచేత బల్లమీద పెట్టి వేలితో తాకితే ఊగుతుంది. ముప్పై యేళ్లు కుంటి బల్లలమీద పాఠాలు దిద్దినవాడిని గనుక నాకది కొత్త కాదు గాని, లక్షా ముప్పై వేలకు అది ఊహించలేదు. నా తీర్పు: రూపకల్పన అందమైనదే, తొడుగు తొడిగిన తరువాత ఆ అందం కొన్నవాడి మనస్సులో తప్ప మరెక్కడా ఉండదు.

రెండవది తెర. ఇక్కడ మాత్రం నేను మనస్ఫూర్తిగా తలవంచుతున్నాను. ఈ రకం తెరలో ప్రతి బిందువూ తన వెలుగు తానే ఇస్తుంది. నలుపు కావలసినచోట ఆ బిందువు ఆరిపోతుంది. అందుచేత నల్లని నేలమీద తెల్లని అక్షరం నల్లబల్లమీద కొత్త సుద్దముక్కతో వ్రాసినట్లు నిలుస్తుంది. భారత డిజిటల్ గ్రంథాలయంవారు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవులో లభిస్తున్నాయి. పాత ఫోనులో వాటి పుటలు చీమలబారుల్లా కనిపించేవి. ఈ ఏడంగుళాలకు కాస్త తక్కువైన తెరమీద, శస్త్రచికిత్స జరిగిన కంటితోనే, అరసున్న ఉన్నదో లేదో కూడా పోల్చుకోగలుగుతున్నాను. అరసున్న కనిపించడం ఎంత భాగ్యమో ఈ పుటకు వచ్చే మీకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే పడకకుర్చీలో కూర్చొని చేసే పరీక్ష సగం పరీక్షే. మిగిలిన సగం అనుకోకుండా పొలంలో జరిగింది. నా పూర్వశిష్యుడొకడు మా ఊళ్లోనే మూడెకరాల మిర్చి వేస్తాడు. 2021-22లో నల్లతామర పురుగు వచ్చి మిర్చి తోటలను పూతలోనే తుడిచిపెట్టిననాటి నుంచి అతనికి పురుగంటే ప్రాణభయం. పండుగ వెళ్లిన వారానికి చేను గట్టున కనిపించి, మందు డబ్బాతో వచ్చిన మడతకాగితం నా చేతికిచ్చి, "మాస్టారూ, ఇదేందో చదివి పెట్టండి. కళ్లకి ఆనటంలా" అన్నాడు. ఆవగింజంత అక్షరాలతో పలు భాషల్లో అచ్చువేసిన కాగితం. నాకూ ఆనలేదు. ఫోనుతో ఛాయాచిత్రం తీసి, రెండు వేళ్లతో సాగదీశాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా ఆ తెలుగు భాగం స్పష్టంగా కనిపించింది. ఎకరానికి ఎంత కలపాలో, చల్లిన తరువాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో అందులో ఉన్నది. అంగడివాడు నోటిమాటగా చెప్పిన మోతాదు అంతకు రెట్టింపు! ఆగవలసిన రోజులు ఏడు; ఇతడు మూడవరోజున కోతకు కూలీలను మాట్లాడుకొని ఉన్నాడు. ఆ ఆడవాళ్లు ఒట్టి చేతులతో కాయ కోస్తారు.

అతని జేబులోనూ ఫోను ఉన్నది. తొమ్మిది వేల రూపాయలది. దానితోనూ చిత్రం తీసి చూశాము. కెమెరా పరవాలేదు గాని, ఎండకు తెరలో మా ముఖాలే కనిపించాయి. తలపాగా విప్పి తెరకు నీడపట్టి చూసినా సగం అక్షరాలే తెలిశాయి. ఆ క్షణాన నాకొక సంగతి బోధపడింది. ఎండలో కనబడే తెర నావంటి పడకకుర్చీ మనిషికి విలాసం. దినమంతా ఎండలో నిలబడేవాడికి అవసరం. అంగడిలో మాత్రం అది పడకకుర్చీవాడికే అమ్ముడుపోతున్నది.

మూడవది విద్యుత్తు. దీని బ్యాటరీ సామర్థ్యం 5,000 మిల్లీ ఆంపియర్ గంటలు. సుమారు పందొమ్మిది వాట్-గంటలు. అనగా మన పాత అరవై వాట్ల బల్బు ఇరవై నిమిషాలు వెలిగితే ఖర్చయ్యేంత. అంత కొద్ది శక్తితో ఇన్ని పనులు చేయించడం నిజంగా అద్భుతమే. ఈ లిథియం అయాన్ బ్యాటరీకి పునాది వేసినందుకు గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే మువ్వురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడెనఫ్ గారి వయస్సు తొంభై యేడు! పదవీవిరమణ చేసి చేతులు ముడుచుకొన్న నావంటివాళ్లు ఆ సంఖ్యను గోడమీద వ్రాసుకోవాలి.

ఇంట్లో రోజుకు అయిదారు గంటలు చదివినా ఒకటిన్నర రోజు నిలిచింది. మే నెలలో పరీక్ష మారింది. ఈ ఫోనులను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడవలసిందని పెద్ద తయారీదారులే సూచిస్తారు. రెంటచింతల ఎండను ఎరిగినవారెవరైనా ఈ మాటకు నవ్వుతారు. ఒకనాడు కల్లం దగ్గర అరగంట వాడేసరికి ఫోను అట్లకాడలా కాలింది. దానితో తన్ను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించుకొన్నది. ఎండలో కనబడడమే దాని గొప్ప అనుకొన్నాను. అసలైన ఎండ వచ్చేసరికి ఆ గొప్ప కాస్తా తగ్గింది. ఛార్జి కూడా సాయంత్రానికి అడుగంటింది. వేడి ఈ రకపు బ్యాటరీ ఆయుష్షును తింటుంది కనుక, మధ్యాహ్నం ఛార్జింగు మానివేసి, తెల్లవారుజామున ఎనభై శాతం వరకే ఎక్కిస్తున్నాను. మీరూ అట్లే చేయండి. ఫోను ఎంత చవకదైనా ఈ నియమం ఒకటే.

ఇక నాలుగవది. సమీక్షకులెవ్వరూ పెట్టని పరీక్ష, మన అక్షరం. 2018 ఫిబ్రవరి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. జకారం, దాని క్రింద ఞవత్తు, తరువాత కంటికి కనబడని ఒక విడదీత చిహ్నం, ఆపైన దీర్ఘం. ఈ క్రమంలో వచ్చిన ఒక్క తెలుగు అక్షరం సందేశంగా చేరితే చాలు, ప్రపంచమంతటా ఐఫోనులలోని అనువర్తనాలు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసేదాకా, 'జ్ఞానం'లోని మొదటి అక్షరమే ఆ యంత్రాలకు గండమై కూర్చున్నది. అప్పుడు చాలామంది నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత ఖరీదైన వస్తువును అమ్మేముందు మన గుణింతాన్ని ఒక్కసారైనా పూర్తిగా దిద్ది చూడలేదని అర్థమైంది. ఆ విడదీత చిహ్నం అపరాధి కాదు. ఫోనులో 'సెట్టింగ్‌లు' అన్న మాట గకారానికి లవత్తు పడకుండా నిలబడుతున్నది దానివల్లనే.

నా కొత్త ఫోను జ్ఞానాన్ని తట్టుకొన్నది. కాని అక్షరాల పరిమాణం పెంచితే కొన్నిచోట్ల శీర్షికలలో వత్తులు సగానికి తెగిపోయాయి. 'రాష్ట్రం'లోని టవత్తు, రేఫ గీత క్రింద మునిగిపోయాయి. ఇంగ్లీషు అక్షరం ఎత్తుకు కొలిచి కట్టిన అరలో తెలుగు అక్షరాన్ని కూర్చోబెడితే కాళ్లు బయటికి రాక ఏమవుతాయి?

ఇన్ని చెప్పినా, ఈ తెరమీద తెలుగు కనబడుతున్నదంటే ఆ పుణ్యం టైటానియానిదీ గాజుదీ కాదు. 1991లో యూనికోడు తొలికూర్పులోనే మన లిపికి చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. దేశికాచారి గారు పోతన, వేమన ఖతులను తయారుచేసి ఉచితంగా పంచారు. వీవెన్ గారి లేఖిని లేకపోతే నావంటివాడు ఇంగ్లీషు మీటలపై తెలుగు వ్రాయడానికి సాహసించేవాడే కాదు. ఆ రోజులలో టపా వ్రాసి ప్రచురిస్తే "మాస్టారూ, అన్నీ డబ్బాలే కనిపిస్తున్నాయి" అని మీరు వ్యాఖ్యలు పెట్టడం, మళ్లీ మీరే ఏది ఎక్కడ అమర్చుకోవాలో ఓపికగా చెప్పడం నేను మరువలేదు. పదకొండు క్వింటాళ్ల మిర్చి పోసి కొన్న వస్తువులో నాకు అన్నిటికన్న విలువైన భాగం ఎవరో జీతం లేకుండా చేసినది.

అందుచేత నా తీర్పు ఇది. చదువుకొనే ముసలి కళ్లకు ఈ తెర ఉపకారమే. ఎవరైనా ఇస్తే పుచ్చుకోండి, అప్పుచేసి మాత్రం కొనకండి. ఇక తయారీదారులకొక మాట. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో ప్రకటించిన షావోమీ ఫోను మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైనది. చేసే చేతులు మనవైనప్పుడు, చూసే కళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. ఎండలో కనబడే తెర, వేడికి నిలిచే బ్యాటరీ, వత్తు తెగని అక్షరం. ఈ మూడూ ముందుగా రావలసినది తొమ్మిది వేల ఫోనులోకి. టైటానియం తరువాత వచ్చినా కొంప మునగదు.

ఆనాడు పొలంనుంచి ఇంటికి వచ్చి, ఆ మడతకాగితంలోని సంగతులన్నీ పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో టైపుచేసి మా శిష్యునికి పంపాను. సాయంత్రం అతడు వచ్చి, వేపచెట్టు నీడలో తన ఫోను తెరిచి చూపించాడు. 'విషప్రభావం', 'నిష్పత్తి', 'వస్త్రం' - ఒక్క వత్తు తప్పలేదు, ఒక్క దీర్ఘం పోలేదు. నా ఫోనులో ఎట్లున్నదో అతని ఫోనులోనూ అట్లే ఉన్నది. బడిలో ఒత్తులు ఎప్పుడూ తప్పు వ్రాసేవాడు. ఇప్పుడు గట్టిగా, ఒక్కొక్క పదం కూడబలుక్కొని చివరిదాకా చదివాడు.

కోత నాలుగు రోజులు వెనక్కి జరిపాడు.