చప్పట్లు కాదు, కొలువు కావాలె!

2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు దేశమంతా గడపల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. ఆ చప్పట్లలో దవాఖాన సఫాయి కార్మికురాలి వాటా ఎంత? ఈ ప్రశ్న ఇప్పటికీ అడగాల్సి వస్తున్నందుకే మన బాధ.

కరోనా కాలంలో గాంధీ దవాఖాన తెలంగాణకు పెద్దదిక్కయింది. కన్నబిడ్డలు కూడా దగ్గరికి రాలేని రోజులవి. అప్పుడు రోగి మంచం కింద తుడిచిందెవరు? వాంతులెత్తిందెవరు? మరుగుదొడ్లు కడిగిందెవరు? మనమంతా తలుపులు పెట్టుకొని కూసుంటే, సఫాయమ్మలు వార్డు తలుపు తీసుకొని లోపలికి పోయిండ్రు.

వార్డు సఫాయిని చిల్లర పనిగా చూసుడు మనకు అలవాటైంది. కానీ అది కూడా వైద్యమే. నేల తుడిచే హైపోక్లోరైట్ నీళ్లు 1 శాతం ఉండాలె, పలుచనైతే క్రిమి చావదు. వాటిలో యాసిడ్ కలిస్తే క్లోరిన్ విషవాయువు లేస్తది. కరోనా వార్డు చెత్తను రెండు పొరల సంచిలో కట్టాలె. పీపీఈ కిట్టు విప్పేటప్పుడు ఏమరుపాటైతే రోగం అంటుకుంటది. ఇంత తెలిసి చేసే పనిని వట్టి కూలి కింద లెక్కగట్టుడేంది?

2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఏం చెప్తున్నయి? వ్యర్థాలు ముట్టే సిబ్బందికి ఏడాదికోసారి శిక్షణ, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు. ఈ బాధ్యత దవాఖానదేనని రాసి ఉంది. కాంట్రాక్టరు మీదికి నెట్టి చేతులు దులుపుకొమ్మని యాడ రాసి లేదు.

2020 జూలైలో గాంధీలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సమ్మెకు దిగితే, రోగాల వేళ సమ్మేందని కొందరు ముక్కున వేలేసుకున్నరు. రోగాల వేళ అరకొర జీతమేందని అడిగినోళ్లెందరు? కేంద్రం ఆ ఏడాది మార్చిలో 50 లక్షల బీమా ప్రకటించి, సఫాయి కార్మికులనూ చేర్చింది. మంచిదే. కానీ అది ప్రాణం పోతేనే దక్కేది. జబ్బుపడి బతికినోళ్లకు దాంట్లో పైసా లేదు.

2021 జనవరి 16న టీకా మొదలైననాడు ఢిల్లీ ఎయిమ్స్‌లో, మన గాంధీలో మొదటి సూది సఫాయి కార్మికులకే వేసిండ్రు. ఫొటోలు అచ్చయినయి. అంటే ముప్పు వాళ్లకు ఎంత దగ్గరున్నదో సర్కారుకు ఎరుకే. ఎరుక ఉండి కూడా జీతం కాడ, సెలవు కాడ అందరికన్న వెనక నిలబెట్టుడు ఏం న్యాయం?

మనం కోరేది దానం కాదు. నడుమ ఏజెన్సీ లేకుండా దవాఖాన హాజరుపట్టీలోనే వాళ్ల పేరుండాలె. నెల కాంగనే జీతం పడాలె. జబ్బుపడితే జీతంతో సెలవుండాలె. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనమేనని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఉద్యోగ సంఘాల అన్నలు, అక్కలు తమ డిమాండ్లలో ఈ మాటను మొదటి పేజీకి తేవాలె. వైద్య విద్యార్థులు తమ వార్డు తుడిచే మనిషికి టీకాలు పడ్డయో లేదో అధికారులను నిలదీయాలె.

ఇంకో అంటురోగం చెప్పి రాదు. అది వచ్చిననాడు మళ్లీ వార్డు తలుపు తీసేది ఈ చేతులే. ఆలోపే వాళ్ల లెక్క తేల్చాలె.