పగడపు దిబ్బలలో కొత్త చేరికలు

పగడమనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది ఉంగరములోని ఎర్రని పూస. ఉర్దూలో మూంగా అన్నా, మర్జాన్ అన్నా అదే. కాని ఆ నగల పగడము వేరు. వెచ్చని, లోతు తక్కువైన సముద్రాలలో దిబ్బలు కట్టే పగడాలు వేరు. ఇవి చెట్లూ కావు, రాళ్ళూ కావు. వేలాది చిరుజీవులు ఒకచోట చేరి, సున్నపు గూళ్ళు కట్టుకొని చేసే కాపురాలు. ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన సుమారు 2,300 కిలోమీటర్లు వ్యాపించిన గ్రేట్ బారియర్ రీఫ్ ఇట్టి దిబ్బల సముదాయాలలో అతి పెద్దది. దానిని గురించి వచ్చే వార్తలు రెండే విధాలు. ఒక ఏడు 'దిబ్బ చచ్చిపోతున్నది', మరొక ఏడు 'దిబ్బ కోలుకున్నది'. రెండింటికీ ఆధారము ఒకే లెక్క: అడుగున ఎంత మేర సజీవమైన పగడము పరచుకొని ఉన్నదన్న శాతము. ఆ లెక్క ఒక్కటే చాలదని మా అభిప్రాయము. కళాశాల స్థితిగతులను గదుల సంఖ్యతోనే కాక, ఏటేటా చేరే విద్యార్థుల సంఖ్యతో కూడ అంచనా వేయవలెనని మన కార్యవర్గమువారికి మేము చెప్పనక్కరలేదు. దిబ్బకూ అటువంటి చేరికల పట్టిక ఒకటి ఉన్నది.

ఆ చేరిక జరిగే తీరు చిత్రమైనది. వసంతము ముగిసే కాలములో (అక్కడ అది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు) పున్నమి దాటిన కొన్ని రాత్రులలో నూటికి పైగా జాతుల పగడాలు ఒక్కుమ్మడిగా అండాలను, శుక్రకణాలను నీటిలోనికి విడుస్తాయి. 1980 దశాబ్ది ఆరంభములో టౌన్స్‌విల్ నగర సమీపాన కొందరు యువ పరిశోధకులు గమనించేవరకు లోకానికి ఈ సంగతి తెలియదు. నీటిపై ఫలదీకరణము జరిగి పుట్టిన డింభకాలు కొన్ని దినాలు ప్రవాహములో తేలి, పిదప నివాసము వెదకుకొంటూ అడుగుకు దిగుతాయి. ఎక్కడ పడితే అక్కడ అవి నిలువవు. రాతికి గులాబిరంగు పూతవలె అంటుకొని పెరిగే ఒక జాతి నాచు వెలువరించే రసాయనాల జాడ తెలిస్తే అక్కడ కుదురుకొంటాయి. బురద పేరుకొన్నచోట, పొడుగు నాచు దట్టముగా అల్లుకొన్నచోట వాటికి తావు లేదు. కుదురుకొన్న వాటిలోనూ అధిక భాగము మొదటి ఏడాదిలోనే నశిస్తుంది.

ఇన్ని గండాలున్నందుననే ఏటేటా లెక్కకు మిక్కిలిగా పిల్లలు రావలసి ఉంటుంది. అవి రానినాడు ఏమి జరుగునో 2016, 2017 సంవత్సరాల వేడిమి చూపించినది. నీరు వేడెక్కగా పగడాలు తమకు ఆహారమిచ్చే సూక్ష్మ శైవలాలను పోగొట్టుకొని తెల్లబడి, అసంఖ్యాకముగా చనిపోయినవి. అక్కడి పరిశోధకులకు ఒక సులువైన సాధనమున్నది: అరచేతి పరిమాణములో కాల్చిన మట్టిబిళ్ళలు. వీటిని అండాల ఋతువుకు ముందు దిబ్బపై అమర్చి, కొన్ని వారాల తరువాత పైకి తీసి, సూక్ష్మదర్శిని కింద పిల్ల పగడాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. 2018లో ఆ లెక్క పూర్వపు సంవత్సరాలతో పోల్చగా 89 శాతము తగ్గినది. కొమ్మలు వేసి చేపలకు నీడనిచ్చే అక్రోపోరా జాతుల పిల్లలైతే 93 శాతము తగ్గినవి. నేల కరువై కాదు, తల్లులు కరువై.

'మరి 2022లో దిబ్బ ఉత్తర భాగమున 36 శాతము, మధ్య భాగమున 33 శాతము సజీవ పగడము కనబడలేదా? 36 ఏళ్ళ సర్వేక్షణలో అదే అత్యధికము కదా!' అని ఆక్షేపించేవారున్నారు. నిజమే. కాదనుట న్యాయము కాదు. ఆ భాగాలలో సముద్రము పెద్ద విపత్తులేవీ లేక కొన్నేళ్ళు ఊపిరి తీసుకోనిచ్చినది. త్వరగా పెరిగే కొమ్మల పగడాలు ఆ వ్యవధిలో విస్తరించినవి. కాని త్వరగా పెరిగినవే వేడికి త్వరగా వాడిపోతాయి. 2024లో మరల తెల్లబాటు వచ్చినది. ఉత్తర భాగమున 39.8 శాతమున్నది 2025 నాటికి 30 శాతానికి పడిపోయినది. ఆక్షేపకులు ఈ రెండవ అంకెను ఉదహరించగా మేము వినలేదు.

అసలు చిక్కు వ్యవధిలోనే ఉన్నది. ప్రపంచములోని నూరు దిబ్బల చరిత్రను పరిశీలించినవారు, 1980 ప్రాంతాన 25, 30 ఏళ్ళకొకసారి వచ్చే తీవ్రమైన తెల్లబాటు 2016 నాటికి ఆరేళ్ళకొకసారి వస్తున్నదని తేల్చినారు. కొమ్మల పగడము పిల్లలను కనే వయస్సుకు రావడానికే మూడు నాలుగేళ్ళు కావలెను. ఆ మీదట మిగిలే కాలమెంత?

ఆ టౌన్స్‌విల్ యువకులలో ఒకరైన పీటర్ హారిసన్ తరువాతి కాలములో డింభకాలను పెంచి, పాడైన దిబ్బలపై విడిచే పద్ధతిని రూపొందించినారు. ఫిలిప్పీన్స్ వాయవ్య తీరాన 2013లో అట్లు విడిచినవి మూడేళ్ళకు తామే పిల్లలను కన్నవి. కొమ్మలు విరిచి నాటి, ఛాయాచిత్రాలు తీయించుకొనే ఉత్సవాలకంటె ఇది మేలైన పని అని మేము నమ్ముతాము. అయినను 2,300 కిలోమీటర్లలో అది ఎన్ని గజాలు? విడువవలసిన ఆ డింభకాలకైనా అండాలు సేకరించవలసినది ఆనాటికి బ్రదికియున్న తల్లి పగడాలనుండియే. కనుక మట్టిబిళ్ళల లెక్కను శాతము పక్కనే ప్రతి ఏడు ప్రకటించవలెననియు, బొగ్గు, చమురు మండించుట తగ్గించే పనిని ఈ నాటుళ్ళ పేరిట వాయిదా వేయరాదనియు మా వాదము.