ఆట ఆగితే రుసుము ఎవరిది?

ఇంద్రావతి పొంగే రోజుల్లో భోపాల్‌పట్నం మైదానంలో నీళ్లు నిలిస్తే పోటీలు రద్దు చేయక తప్పదు. అందులో ఎవరి తప్పూ లేదు. మరి పిల్లలు కట్టిన ప్రవేశ రుసుము? “వచ్చే ఏడాది పోటీలకు జమ చేసుకుంటాం” అంటే, బదిలీలతో ఊళ్లు తిరిగే మనకు ఆ మాట సరిపోదు. వచ్చే ఏడాది మనం ఏ ఊళ్లో ఉంటామో!

వాయిదా అందరికీ ఒకటి కాదు. 2020లో మన దేశంలో జరగాల్సిన అండర్-17 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కరోనా వల్ల రద్దయింది. 2022 పోటీలు మళ్లీ మనకే దక్కాయి. కానీ అప్పటికి 2003, 2004లలో పుట్టిన అమ్మాయిలకు వయసు దాటిపోయింది.

పోయిన ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు, డబ్బు ఇవ్వగలరు. రైల్వేవారే రైలు రద్దు చేస్తే టికెట్ సొమ్ము పూర్తిగా వెనక్కి వస్తుంది. మనమే ప్రయాణం మానుకుంటే కొంత కోత పడుతుంది. ఆటలకూ అదే న్యాయం. ఒప్పందం చెల్లకుండా పోతే పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ కూడా చెబుతుంది.

చొక్కాలకు, బంతులకు ముందే ఖర్చయిందని నిర్వాహకులు అనవచ్చు. నిజమే కావచ్చు. అయితే ఎంత కోస్తారో రుసుము తీసుకునే రోజే రాసి చూపాలని మేమంటాం.

పిల్లలూ, రసీదు దాచుకోండి. మర్యాదగా అడగండి. మన డబ్బు మనం అడగడం తప్పు కాదు.