‘అదుపులోకి తీసుకున్నారు’ అంటే ఏం చేసినట్టు?

ఇంగ్లీషు థెసారస్ తెరిచి ‘అరెస్ట్’ దగ్గర ఆగండి. డిటైన్, సీజ్, క్యాప్చర్, అప్రిహెండ్, నాబ్... అన్నీ ఒకే కంపెనీ బ్యాడ్జీ వేసుకున్న ఉద్యోగుల్లా వరసగా కనిపిస్తాయి. ఏది కావాలంటే అది వాడుకోండి అన్నట్టు. మన అనువాదకులూ విలేకరులూ అదే చేస్తున్నారు. ఒకే పేరాలో ‘అరెస్టు’ రెండుసార్లు వస్తే శైలి చెడుతుందని రెండోసారి ‘అదుపులోకి తీసుకున్నారు’ అంటారు, మూడోసారి ‘నిర్బంధించారు’. శైలి పేరుతో జరిగే ఈ మార్పిడి మనుషుల ప్రాణాల మీదికి తెస్తుందని నా వాదన.

అసలు ఇంగ్లీషులోనే ఈ మాటలకి ఒకదానితో ఒకదానికి పొసగదు. క్యాప్చర్ యుద్ధం మాట. అలా చిక్కిన సైనికుడు యుద్ధఖైదీ, అతనికి జెనీవా ఒప్పందాలు వర్తిస్తాయి. సీజ్ ఎక్కువగా వస్తువులకి వాడతారు. నాబ్ హెడ్డింగులకి సరిపోయే పొట్టి మాట. అది చదవగానే పట్టుబడ్డవాడు దొంగేనని పాఠకుడు తీర్పు ఇచ్చేస్తాడు. దాని చుట్టం ‘నాప్’ నుంచే కిడ్నాప్ వచ్చింది. 17వ శతాబ్దంలో పిల్లల్ని ఎత్తుకెళ్ళి అమెరికా వలసల్లో పనికి అమ్మేసేవాళ్ళ గురించి పుట్టిన మాట అది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడం వీటన్నిట్లోనూ ఉండొచ్చు. ఎవరు లాక్కెళ్ళారు, ఏ అధికారంతో, ఎవరికి జవాబు చెప్పాలి అన్నది మాత్రం మాట మారితే మారిపోతుంది.

మన దేశంలో ‘అరెస్టు’కి ఒక గడియారం కట్టి ఉంది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయినవాడికి కారణం చెప్పాలి, లాయరుని కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుకుంటే ఈ 24 గంటల లెక్క వర్తించదు. ఆ మాటా అదే అధికరణంలో ఉంది. అరెస్టు మెమో రాయాలని, అందులో తేదీ, సమయం, సాక్షి సంతకం ఉండాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 1994లో దీపక్ మహాజన్ కేసులో, ప్రతి అరెస్టులోనూ కస్టడీ ఉంటుంది గానీ ప్రతి కస్టడీ అరెస్టు కాదని తేల్చింది. మా ప్రోగ్రామర్ల లెక్కలో ఇవి ఒకే ఫంక్షన్‌కి రెండు పేర్లు కావు. ఒకదాన్ని పిలిస్తే టైమర్ మొదలవుతుంది. రెండోదాన్ని పిలిస్తే చాలాసార్లు లాగ్‌లో ఏమీ పడదు.

ఇదంతా మాటల గారడీ అనుకునేవాళ్ళు రాజన్ కేసు చదవాలి. కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. ఎమర్జెన్సీలో, 1976 మార్చి 1 తెల్లవారుజామున పోలీసులు పట్టుకుపోయారు. 1977లో తండ్రి ఈచర వారియర్ కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. ఎమర్జెన్సీలో హోంమంత్రిగా ఉన్న కరుణాకరన్ అప్పటికి ముఖ్యమంత్రి. రాజన్‌ని అసలు అరెస్టే చెయ్యలేదన్నది ప్రభుత్వం జవాబు. కోర్టు నమ్మలేదు. ఆ ఏప్రిల్లోనే కరుణాకరన్ రాజీనామా చేశారు. రాజన్ శవం దొరకనే లేదు. తెచ్చినట్టు కాగితం లేకపోతే, తెచ్చినవాణ్ణి ఏం చేశారో చెప్పాల్సిన పనీ ఉండదు.

ఇక మన ‘అదుపు’ సంగతి. మంటలు అదుపులోకి వస్తాయి, ధరలు అదుపు తప్పుతాయి. మనిషిని అదుపులోకి తీసుకున్నారంటే, అతనేదో చెలరేగిపోతుంటే పోలీసులు సర్దిపెట్టినట్టు వినిపిస్తుంది. ఊళ్ళో తల్లి అలా అనదు. ‘వచ్చి ఎత్తుకుపోయారు’ అంటుంది. అందులో భయం ఉంది, ఫిర్యాదు ఉంది. ఆ మాట న్యూస్ డెస్కు దాటేసరికి ఇస్త్రీ చేసిన ‘అదుపు’ అయిపోతుంది.

పోలీసులు అరెస్టు అని ధృవీకరించనప్పుడు మేమేం రాయాలి అని విలేకరులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన భాషలోనే ఉంది: ‘అరెస్టు చూపించడం’. పట్టుకున్నది ఒక రోజు, చూపించింది ఇంకో రోజు అని ఇంత సూటిగా చెప్పే మాట ఆ థెసారస్ వరసలో నాకు కనిపించలేదు. ‘అరెస్టు’ పరభాష మాట కదా అనేవాళ్ళూ ఉంటారు. దాని బదులు పెట్టే ‘నిర్బంధం’ ఏ పల్లెలో పుట్టింది? అదీ సంస్కృతం నుంచి వచ్చిందే. పైగా నిర్బంధ విద్య నుంచి గృహనిర్బంధం దాకా అన్నిటికీ అదే. అరెస్టు అంటే ఏమిటో మాత్రం రచ్చబండ మీద ఎవర్నడిగినా చెప్తారు.

కాబట్టి అరెస్టు అయితే ‘అరెస్టు’ అనే రాయండి, పేరాలో నాలుగుసార్లు వచ్చినా సరే. కాకపోతే ‘తీసుకెళ్ళారు, ఇంకా అరెస్టు చూపలేదు’ అని రాయండి. పక్కనే ఏ రోజు, ఎన్ని గంటలకో కూడా రాయండి. రేపు కోర్టుకి వెళ్ళే తండ్రికి మన శైలి అక్కర్లేదు, ఆ టైమ్ కావాలి.